ఎనిమిదో ఇల్లు

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. అటక మీద ఒకరోజు, పక్కింటి గడ్డివాములో రెండ్రోజులు, ఎదురింటి బస్తాల వెనక మరో నాలుగు రోజులు... ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం దానికి ఊరంతా ఇల్లే. మరి ఆ పిల్లికే పన్నెండేళ్లొచ్చి, పళ్లూడి, మూత్రపిండాలు మొరాయించి, గోడ ఎక్కలేని స్థితి వస్తే? ఎనిమిదో ఇల్లు ఎవరిస్తారు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పల్లెల్లో పిల్లిని ముద్దుకోసం పెంచేవాళ్లు తక్కువ. అక్కడ అది ముందుగా కాపలాదారు. వేరుశనగ గోతాలు ఇంట్లోకి చేరాయంటే వాటి వెనకే ఎలుకలూ చేరతాయి. కిరాణా కొట్టులోనూ అదే బాధ. కాబట్టి పిల్లి ఉండాల్సిందే. జీతం లేని ఉద్యోగం అది. జీతమే లేనప్పుడు పింఛను మాటెక్కడిది? ఎలుకను పట్టలేని రోజున దాని సంగతి ఎవరికీ పట్టదు. పెంచిన పెద్దావిడ కాలం చేసినా, పిల్లల ఉద్యోగాల కోసం కుటుంబం కుప్పంలో రైలెక్కి బెంగళూరు వెళ్లిపోయినా, సామాన్లతో పాటు బండెక్కనిది ఆ పిల్లి ఒక్కటే.

పుంగనూరు అనగానే దేశమంతటికీ పొట్టి ఆవు గుర్తొస్తుంది. 2024 సంక్రాంతికి ఢిల్లీలో ప్రధాని నివాసంలో ఆయన చేతి మేత తిన్నవి ఆ జాతి ఆవులే. అరుదైనది, అందమైనది, పాలిచ్చేది. అందుకే పలమనేరు పశు పరిశోధన కేంద్రం ఆ జాతిని కాపాడుకుంటూ వచ్చింది. మామూలు ఆవు ముసలిదైనా గోశాల అనే నీడ ఒకటుంది. పిల్లికి అలాంటి పుణ్యం రాసిపెట్టలేదు. పైగా ఎదురొస్తే అపశకునమన్న నింద ఒకటి!

చట్టం మాత్రం దాన్ని మరిచిపోలేదు. అందుకు కారణమైన వ్యక్తి రుక్మిణీదేవి అరుండేల్. మదనపల్లెలో 1915లో దివ్యజ్ఞాన కళాశాలను నెలకొల్పిన అనీబిసెంట్ నీడలో ఎదిగిన మనిషి ఆమె. నాట్యంలో ఎంత పేరో, మూగజీవాల విషయంలోనూ అంత పట్టుదల. 1952లో రాజ్యసభకు వెళ్లి జంతుహింస నివారణకు బిల్లు పెట్టారు. 1960లో చట్టం వచ్చింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు ఆమే. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం ఆ చట్టం ప్రకారం నేరం. శిక్ష ఎంతో తెలుసా? మొదటిసారైతే పది నుంచి యాభై రూపాయల జరిమానా! ఇంటిల్లిపాదీ టీ తాగితే అంతకంటే ఎక్కువే అవుతుంది. చట్టానికి భయపడి ముసలి పిల్లిని ఉంచుకునేవాళ్లు ఎందరుంటారు?

ఇక ఆశ్రమాలు. లండన్‌లో 1860లో కుక్కల కోసం మొదలైన బాటర్సీ ఆశ్రమం 1883 నుంచి పిల్లులనూ చేర్చుకుంది. మనకు దగ్గర్లో చెన్నైలో బ్లూక్రాస్ 1959లో, బెంగళూరులో క్యూపా 1991లో, హైదరాబాద్‌లో బ్లూక్రాస్ 1992లో మొదలయ్యాయి. అయితే ఏ దేశంలోనైనా వరస ఒకటే. ఇంటికి తీసుకెళ్దామని వచ్చినవాళ్ల కళ్లు ముందు కూనల మీద పడతాయి. జబ్బుపడ్డ ముసలి పిల్లి వంతు అందరికంటే చివర. అసలు పిల్లి ప్రాణం స్థలం మీదే ఉంటుంది. తెలియని గది, పక్క గూట్లో మొరుగుళ్లు, కొత్త వాసనలు... తిండి మానేసి ముడుచుక్కూర్చుంటుంది. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయానికే ముప్పు. అందుకే ఇలాంటి పిల్లికి ఆశ్రమం మజిలీ మాత్రమే కావాలి. గమ్యం ఒక ఇల్లే.

ఒక్క అబద్ధమూ వద్దు

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు. పిల్లికి ఇల్లు చూసేటప్పుడు మాత్రం ఆ సామెత పనికిరాదు. 'ఏం లేదండీ, కాస్త నీరసం' అని అంటగడితే వారం తిరక్కుండా వెనక్కొస్తుంది. లేదా వెనక్కి కూడా రాకుండా ఏ మార్కెట్ యార్డు దగ్గరో దిగబడుతుంది. జబ్బు సంగతి మొత్తం చెబితే అడిగేవాళ్లు తగ్గుతారు, నిజమే. కానీ అన్నీ తెలిసి ముందుకొచ్చిన ఆ ఒక్కరే చివరిదాకా ఉంచుకుంటారు. కావలసింది పదిమంది కాదు, ఆ ఒక్కరే.

ప్రకటన ఎలా ఉండాలంటే: 'ఆడపిల్లి. సుమారు పదమూడేళ్లు. కిడ్నీ జబ్బుంది, పూర్తిగా నయం కాదు. రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా మెత్తటి తిండి పెట్టాలి. వారానికి రెండుసార్లు చర్మం కింద సెలైన్ ఎక్కించాలి, ఎలాగో నేర్పిస్తాం. కుక్కలంటే భయం. సాయంత్రమైతే ఒళ్లో చేరుతుంది. మందుల ఖర్చులో సగం మాది. కుదరకపోతే మేమే తిరిగి తీసుకుంటాం.' చివరి రెండు వాక్యాలూ చాలా ముఖ్యం. తీసుకునేవాళ్లను సగానికి సగం ఆపేది ఖర్చు భయం, ఇరుక్కుపోతామన్న భయమే.

ప్రకటన రాసేముందు పశువైద్యుడికి చూపించాలి. మన పట్టణాల ఆసుపత్రులకు వచ్చేవి ఎక్కువగా ఆవులూ గొర్రెలే అయినా, పిల్లిని తీసుకెళ్లకూడదని ఎక్కడా లేదు. రక్తపరీక్ష వంటివి అక్కడ కుదరకపోతే తిరుపతి పశువైద్య కళాశాల ఉంది. నీళ్లు ఎక్కువగా తాగడం, మూత్రం ఎక్కువగా పోయడం, చిక్కిపోవడం, నోటి దుర్వాసన మూత్రపిండాల జబ్బుకు గుర్తులు. బాగా తింటున్నా చిక్కిపోతుంటే థైరాయిడ్ కావచ్చు. తిండి దగ్గరకొచ్చి తినకుండా వెళ్లిపోతే పళ్ల నొప్పి చూడాలి. 'ముసలితనం కదా' అని సరిపెట్టుకునేవాటిలో చాలావరకు మందుతో తగ్గేవో, అదుపులో ఉండేవో ఉంటాయి.

మరి ఎవరింటికి ఇవ్వాలి? చిన్నపిల్లలు పరుగులు తీసే ఇంటికంటే, ఉద్యోగ విరమణ చేసి పగలంతా ఇంట్లో ఉండే దంపతులు నయం. అమెరికాలో కొన్ని ఆశ్రమాలు వయసు మళ్లిన జంతువులను వయసు మళ్లిన మనుషులకే వెతికి మరీ ఇస్తున్నాయి. కూనను పెంచితే పదిహేనేళ్ల బాధ్యత, తమ తర్వాత దాన్ని ఎవరు చూస్తారన్న దిగులు వాళ్లకుంటుంది. ముసలి పిల్లితో ఆ దిగులు తక్కువ. అది కర్టెన్లు పీకదు, అటకెక్కి గిన్నెలు దొర్లించదు. ఎండ పడే కిటికీ పక్కన ఒక మూల చాలు. మదనపల్లె చలికాలానికి ఆ మూలలో గోనెసంచి మీద పాత కంబళి కూడా ఉంటే ఇంకేం కావాలి!

ఇంటికి తెచ్చుకున్నాక

* మొదటి వారం ఒకే గదిలో ఉంచాలి. తిండి ఒక మూల, అంచులు తక్కువగా ఉన్న ఇసుక తొట్టి ఇంకో మూల, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె.

* పిల్లి మాంసాహారి. పెరుగన్నంతో బతికించలేం. మాంసంలో దొరికే టారిన్ లేకపోతే చూపూ గుండే దెబ్బతింటాయి. మాంసం ముట్టని ఇల్లయితే ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి. పాలు చాలా పెద్ద పిల్లులకు పడవు. కిడ్నీ జబ్బుంటే డాక్టరు చెప్పిన తిండే పెట్టాలి.

* మనం వేసుకునే పారాసెటమాల్ పిల్లికి విషం. ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు.

* రేబిస్ టీకా తప్పనిసరి. కరిచినా గీరినా గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

* గర్భిణులు ఇసుక తొట్టి శుభ్రం చేయకూడదు.

చివరి రోజుల గురించి కూడా ఇంట్లో ముందే అనుకోవాలి. నొప్పి మందులకు లొంగనప్పుడు, నీళ్లు కూడా దిగనప్పుడు, బాధలేకుండా వీడ్కోలు చెప్పడం గురించి డాక్టరుతో మాట్లాడటం పాపమేమీ కాదు. దాన్ని ఊరవతల వదిలేసి రావడమే పాపం.

'ఆర్నెల్లకే పోయేదానికి ఇంత ఎందుకు, దండగ కాదూ?' అనేవాళ్లు ఎదురింట్లోనే ఉంటారు. వాళ్లతో వాదన పెట్టుకోనక్కర్లేదు. కడుపుకింత తిండి, కంబళిలో వెచ్చదనం, పిలిస్తే పలికే మనిషి దొరికిన ఆ ఆర్నెల్లూ పిల్లికి మాత్రం దండగ కాదు.