వారసత్వ పన్ను కాదు, జీపీఏ చూసుకోండి

2024 ఎన్నికల వేళ శామ్ పిట్రోడా మాటతో వారసత్వ పన్నుపై రచ్చ జరిగింది. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది. హోసూరులోనో బళ్లారిలోనో స్థిరపడిన మన ఇళ్లకు అసలు బెడద వేరు. ఊళ్లో పొలం చూసుకోమని పెద్దాయన ఇచ్చిన జీపీఏతో కొడుకు తన పేరనే దానపత్రం రాయించుకుంటాడు. అమ్మే అధికారం ఉంటే సరిపోదు, దానమిచ్చే అధికారం స్పష్టంగా రాసి ఉండాలి. లేదంటే తోబుట్టువులు కోర్టుకెక్కితే ఆ పత్రం నిలవదు. ఇచ్చినవారు పోతే మామూలు జీపీఏ కూడా అక్కడితో సరి.

ఆదాయపు పన్నుదీ ఓ తమాషా. మేనమామ మేనల్లుడికి డబ్బిస్తే పన్ను లేదు. మేనల్లుడు మేనమామకు ఏడాదిలో 50 వేలు దాటి ఇస్తే మొత్తమంతా ఆయన ఆదాయమే!

పెద్దవాళ్లు మంచం పట్టినా జీపీఏ తప్పనిసరి కాదు. అర్జీ పెట్టుకుంటే సబ్ రిజిస్ట్రారే ఇంటికొచ్చి సంతకం తీసుకునే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది.