పొట్టి గొట్టానికి ఏ తూటా పడితే అది పనికిరాదు

సంపాదకులకు,

అమెరికాలో ఆత్మరక్షణకు తుపాకీ కొంటున్న తెలుగువారి గురించి వేసిన వ్యాసంలో ‘హాలో పాయింట్ ఏదైనా సరిపోతుంది’ అన్నారు. అది ప్రమాదకరమైన సలహా. ముక్కు బోలుగా ఉండే ఆ తూటా ఒంట్లో విచ్చుకోవాలంటే వేగం కావాలి. రివాల్వర్లలో వాడే .38 స్పెషల్ తూటాల డబ్బా మీద అచ్చయ్యే వేగం సాధారణంగా నాలుగంగుళాల గొట్టంతో కొలిచింది. జేబులో పట్టే రివాల్వర్ గొట్టం రెండంగుళాల లోపే. అందులో వేగం తగ్గుతుంది. పైగా మందపాటి కోటు గుడ్డ తూటా ముక్కులో కూరుకుపోతే అది విచ్చుకోకుండానే మనిషిలోంచి దూసుకుపోవచ్చు. వెనక ఎవరి బిడ్డ ఉందో! 1986 మయామీ కాల్పుల తర్వాత ఎఫ్‌బీఐ పెట్టుకున్న కొలమానం, పరీక్ష జెలటిన్‌లో 12 నుంచి 18 అంగుళాల లోతు. పొట్టి గొట్టంతోనే ఆ పరీక్షకు నిలిచిన తూటాను ఎంచుకోవాలి. స్పీర్ గోల్డ్ డాట్‌లో 135 గ్రెయిన్ల రకం అలాంటి రివాల్వర్ల కోసమే తయారైంది.

ఎక్కువ ఒత్తిడితో పేలే ‘ప్లస్ పి’ తూటా వాడమన్నదీ సగం సలహానే. తేలిక రివాల్వర్‌లో అది చేతిని గట్టిగా తంతుంది, రెండోసారి గురి కుదరదు. పాత రివాల్వర్లు చాలావరకు ఆ ఒత్తిడికి చేసినవి కావు. అలాంటి రివాల్వర్లున్న వారికి విచ్చుకోవడంతో పని లేని చదునుమూతి వాడ్‌కట్టర్ నయం.

న్యూజెర్సీలో హాలో పాయింట్ల మీద చట్టపరమైన ఆంక్షలున్నాయి. ఆ సంగతితో పాటు సవరణ వచ్చే సంచికలో వేయండి.

— ఒక పాఠకుడు, ప్లేనో, టెక్సాస్