కొలువొస్తే అమ్మీ పింఛను కోతనా?

కరీంనగర్‌లో మాది కిరాయి గది. మకాన్‌దార్ ఎప్పుడు ఖాళీ చేయమంటడో తెల్వదు. అబ్బా ఇంతెఖాల్ తర్వాత అమ్మీకి ఆసరా పింఛనే సహారా. అది 2019 నుంచి నెలకు 2,016 రూపాయలు.

నాకు దుకాణంలో నౌకరీ దొరికిననాడు అమ్మీ షుక్రానా నమాజ్ చదివింది. వెంటనే అడిగింది: "బేటా, పింఛను బంద్ అయితదా?"

ఆమె ఫికర్ ఉత్తది కాదు. 2014 నాటి ఆసరా నిబంధనల ప్రకారం సంతానానికి ప్రైవేటు కొలువున్నా అనర్హతే! ఆ కొలువు ఎన్నాళ్లుంటదని ఎవరడిగారు? ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లుల్లో పత్తి సీజన్ ముగిస్తే కూలీల పనీ ముగుస్తది. కిరాయి మాత్రం ఆగదు.

మెహనత్ చేస్తే సజా వేయడం ఏం ఇన్సాఫ్? నౌకరీ ఖాయమై, తలమీద సొంత కప్పు వచ్చేదాకా మోహ్లత్ ఇవ్వండి. మేం అడిగేది ఖైరాత్ కాదు, హక్.