ఇంటి అప్పు లెక్క మనమే రాద్దాం

మెస్ చార్జీలు పెంచమని లెక్క కట్టి మరీ అడిగే మనం, ఇంటి అప్పు ఎంతో అడగం. శావల్యాపురం చుట్టుపక్కల మన ఇళ్లలో ఆ లెక్క నోటిమీదే నడుస్తుంది. ఎరువులు, పురుగుమందులు, ఆసుపత్రి, మన ఫీజులు అన్నీ ఒకే అప్పులో కలిసిపోతాయి.

'నూటికి రెండు రూపాయలు' అంటే చిన్న మాటలా వినిపిస్తుంది. లక్షకు ఏడాదికి 24,000 రూపాయలు! అదే బ్యాంకు పంట రుణమైతే 7 శాతం, గడువులోగా కడితే రాయితీతో 4 శాతం. అంటే 4,000 రూపాయలే. పంట పండినా ఎండినా మిగతా 20,000 ఇంట్లోంచి పోవలసిందే.

మరి బ్యాంకుకు ఎందుకు పోరు? కౌలు రైతు పేరున పొలం ఉండదు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం కావాలంది. సంతకం పెడితే పొలం పోతుందని ఆయన భయం, అడిగితే కౌలు పోతుందని మనవాళ్ల భయం. యజమాని హక్కుకు భంగం లేదని ఆ చట్టమే చెప్పింది. ఆ మాట ఇద్దరికీ చదివి వినిపించాల్సింది చదువుకున్న మనమే.

ఈ సెలవుల్లో ఒక నోటుపుస్తకం కొందాం. ఎవరి దగ్గర, ఎంత, ఏ వడ్డీకి, ఏ తేదీన తెచ్చారో అమ్మానాన్నలను అడిగి రాద్దాం. ఇంట్లో మొదట చదువుకున్నవాళ్లు మొదట చేయవలసిన పని ఇదే.