కాలువగట్టు కూడ నొక తరగతిగదియే

విహారయాత్ర మాట వినబడినంతనే మన బాలబాలికలు హైదరాబాదు, విశాఖపట్టణము, అరకు అని పేళ్లు వల్లింతురు. తలిదండ్రులు సొమ్ము చెల్లింతురు, బస్సులు వచ్చును, రాత్రియెల్ల పాటలతో గడచును, పగటివేళ చూడవలసినవన్నియు నిద్రమత్తులో జరిగిపోవును. ఇట్టి ప్రయాణములు కూడవని మేము చెప్పబోము. కాని బందరులో పుట్టి, బందరులో చదువుచు, గోలకొండ కోటను చూచి వచ్చిన బాలుడు, ఆ గోలకొండ సుల్తానుల గొప్ప రేవుపట్టణము తన యూరే యని యెరుగకుండుట మాకు విచారము గొలుపుచున్నది. పొరుగింటి పుల్లకూర రుచి యని పెద్దలు ఊరక చెప్పలేదు.

కావున మేమొక మాట విన్నవించుచున్నాము. తొమ్మిదవ, పదవ తరగతుల విద్యార్థులను ఏటా ఒక్కమారైనను సైకిళ్లపై ఈ దిగువ కృష్ణా డెల్టా పల్లెలకు తీసికొనిపోవలెను. అదియు జాతీయ రహదారి వెంబడి గాక, కాలువగట్ల మీదుగను, కంకర బాటలపైని, డొంకలలోను పోవలెను. ఇది వేడుకకై చెప్పు మాట కాదు. మన సీమ చరిత్రను నేర్చుకొనుటకు ఇంతకన్న తగిన మార్గము మాకు కానరాకున్నది.

ఏలయనగా, మన సీమలో చరిత్ర నేలకు అంటుకొని యున్నది. ఇచ్చట కొండలు లేవు; కొండకోటలు లేవు; దూరమునుండి వేలుచూపి చెప్పదగిన శిఖరములు మిక్కిలి తక్కువ. ఉన్నవన్నియు వరిచేల నడుమ మట్టిదిబ్బలు, ఇటుకల కుప్పలు, గడ్డి మూసిన సమాధులు, పాతబడిన లాకులు. బస్సు కిటికీనుండి చూచువానికి ఇవి కనబడనే కనబడవు. నడచిపోవువాడు చూడగలడు గాని ఒక దినములో రెండూళ్లకు మించి పోలేడు. సైకిలు ఈ రెంటికిని నడిమిది. పిలిచిన మాట వినబడునంత నెమ్మదిగా పోవును. ఉదయము బయలుదేరినవానిని సాయంకాలమునకు మరల ఇల్లు చేర్చును.

మొదట బందరునే చూతము. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను ఈ రేవునకు వచ్చి వర్తకము ప్రారంభించిరి. 17వ శతాబ్దినాటి డచ్చివారి సమాధులు, వంశచిహ్నములు చెక్కిన రాతిపలకలతో, నేటికిని ఊరిలోనే యున్నవి. 1759 ఏప్రిలులో కర్నలు ఫోర్డు ఫ్రెంచివారినుండి పట్టుకొనిన కోట శిథిలములు రేవువైపున నున్నవి. రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు అను దొరలు 1841లో ఇచ్చట దిగిరి. 1843లో నోబులు దొర పాఠశాలను స్థాపించెను. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినదియు ఈ యూరనే. ఇవి యన్నియు ఒక్క పూటలో సైకిలుపై చుట్టిరాదగినవి.

అచ్చటినుండి పెడన పది కిలోమీటర్ల దూరము. ఒకప్పుడు పారశీకమునకును ఐరోపాకును ఓడలకెక్కిన కలంకారీ అద్దకపు బట్ట పెడనలో నేటికిని తయారగుచున్నది. కరక్కాయ రసములో తడిపిన బట్టపై చెక్క అచ్చులతో పటికను, ఇనుపతుప్పును బెల్లమును నానబెట్టిన నల్లరంగును అద్ది, పారునీటిలో జాడింతురు. రసాయనశాస్త్రమును పుస్తకములో చదివిన బాలిక దానిని ఇచ్చట కంటితో చూడగలదు. ఇంకను ముందునకు పోయిన గుడివాడ. అచ్చట ఊరిలోనే బౌద్ధస్తూపపు దిబ్బ కలదు. గుడివాడనుండి పామఱ్ఱు మీదుగా కూచిపూడి, మొవ్వ చేరవచ్చును. ఒకటి భాగవతుల ఊరు, రెండవది పదకర్త క్షేత్రయ్య పేరుతో పెనవేసికొనిన ఊరు. 1921లో బెజవాడలో గాంధీగారికి జెండా నమూనాను సమర్పించిన పింగళి వెంకయ్యగారి జన్మస్థలమగు భట్లపెనుమఱ్ఱు ఆ చెంతనే యున్నది.

మూడవ దారి దివిసీమకు పోవునది. మొదట ఘంటసాల. రెండవ శతాబ్దిలో గ్రీకు భూగోళకర్త టాలెమీ తన గ్రంథమున పేర్కొనిన రేవుపట్టణము ఇదియేయని పండితులు నిర్ణయించిరి. ఆనాడు నౌకావర్తకముతో విలసిల్లిన ఆ ఊరు నేడు కడలికి దూరముగా పొలముల మధ్య నున్నది. పిమ్మట కృష్ణ యొడ్డున శ్రీకాకుళము. 16వ శతాబ్ది ఆరంభమున కళింగ దండయాత్రకు పోవుచు కృష్ణదేవరాయలు ఇచ్చటి ఆంధ్ర మహావిష్ణువు ఆలయమున ఆగెననియు, ఆముక్తమాల్యద రచనకు ప్రేరణ ఇచ్చటనే కలిగెననియు ఆ కావ్యమే చెప్పుచున్నది. తరువాత చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ చేరుదుము. అచ్చట కృష్ణ రెండు పాయలగును. ఆ రెంటి నడుమ నున్న భూమియే దివిసీమ. నదిపాయపై కట్టిన అక్విడక్టు గుండ కాలువనీరు సీమలోనికి పోవుచుండును. క్రింద నది, పైన కాలువ! ఆ దృశ్యము నెదుట నిలువబడి ఉపాధ్యాయుడు పలుకవలసిన మాట యేమియు నుండదు. అవనిగడ్డ దాటి హంసలదీవి వరకు పోయినచో నది సముద్రమును కలియుచోటు కనబడును. ఘంటసాలనుండి హంసలదీవివరకు సైకిలుపై వచ్చిన బాలుడు, నది తెచ్చిన ఒండ్రుమట్టితో డెల్టా ఏర్పడుననగా నేమో తన మోకాళ్లతో తెలిసికొనును.

ఇక త్రోవను గూర్చి. మేము కాలువగట్లను కోరుట కేవలము నీడకొరకు కాదు. ఆ గట్లే చరిత్ర. 1852 మొదలు 1855 వరకు బెజవాడవద్ద ఆనకట్ట కట్టబడిన పిదప కాలువలు త్రవ్వబడెను. ఆ త్రవ్విన మన్నే గట్లయ్యెను. ఆ గట్లే బాటలయ్యెను. ఒకప్పుడు ఈ కాలువలలో పడవలు నడచెడివి. ఇంకొక సంగతి వినుడు. కృష్ణ ఆవలి యొడ్డుననున్న భట్టిప్రోలు స్తూపపు ఇటుకలను 19వ శతాబ్దిలో రోడ్డుపనికి తీసికొనిపోయిరి. పాలరాళ్లను కాలువ తూము కట్టుటకు వాడిరి. అనగా మన సీమలో చరిత్ర బాట ప్రక్కనే గాక, బాటలోపల కూడ నున్నదన్నమాట. ఇటలీ దేశమున టస్కనీ సీమలోని తెల్లకంకర బాటలు తారుక్రింద మరుగుపడిపోవునను చింతతో 1997లో కొందరు లెరోయికా యను సైకిలు యాత్ర నారంభించిరి. నేడు లోకమునందు కంకరబాటల సైకిలు ప్రయాణము ఒక క్రీడయైనది. 2022లో దానికి మొదటి ప్రపంచ పోటీలు ఆ దేశముననే జరిగెను. అన్యదేశీయులు సొమ్ము వెచ్చించి వెదకుకొను బాట మనకు ఇంటిముందర నున్నది.

తలిదండ్రులకు కలుగు భయములను మేమెరుగుదుము. మొదటిది ప్రాణభయము. ఇది న్యాయమైనదే. పూణెనుండి వచ్చు 65వ జాతీయ రహదారి బందరులో ముగియును. 216వది బందరునుండి పులిగడ్డ మీదుగా కృష్ణ దాటి పోవును. ఈ రెంటిపైని లారీల రద్దీ యెక్కువ. 2023లో బందరున క్రొత్త రేవు నిర్మాణము ప్రారంభమైనది గనుక ఇక ముందు అది హెచ్చునే గాని తగ్గదు. అందువలననే మేము గట్లబాటలను కోరుచున్నాము. అయినను నియమములు తప్పవు. ఇరువదిమందికి మించరాదు, ముందొక ఉపాధ్యాయుడు, వెనుకనొక ఉపాధ్యాయుడు ఉండవలెను, ఒకరి వెనుక నొకరు పోవలెను, తలకు రక్షణటోపీ ధరింపవలెను. కాలువలో దిగుట యెంతమాత్రమును కూడదు. ప్రొద్దు క్రుంకకముందే ఇల్లు చేరవలెను.

రెండవది ఖర్చు. ఖరీదైన సైకిలు అక్కరలేదు. పాలవాడు నడుపు సైకిలే చాలును. చక్రములో గాలి రాయివలె బిగించినచో కంకరపై ఎగిరిపడును. కొంచెము తగ్గించినచో నేలను పట్టుకొని పోవును. వదులు కంకరపై ముందుబ్రేకును గట్టిగా నొక్కరాదు. వానలలో మాత్రము బయలుదేరరాదు. తడిసిన నల్లమట్టి చక్రమునకును మడ్‌గార్డునకును నడుమ గడ్డకట్టినచో, సైకిలు మనలను మోయుట మాని, మనమే దానిని మోయవలసివచ్చును. వరికోతలు ముగిసి, మాగాణులలో మినుము పచ్చబడు జనవరి మాసము దీనికి మేలైన కాలము. మధ్యాహ్నము మీదట సముద్రపు గాలి వీచును గనుక, సముద్రము దిక్కునకు ఉదయమే పోయి, తిరుగు ప్రయాణమున ఆ గాలిని వెన్నునకు తెచ్చుకొనవలెను.

మూడవది బాలికల సంగతి. బాలురను పంపుదుముగాని బాలికలను పంపమని కొందరందురు. అనుదినము పల్లెలనుండి కంకరబాటపై సైకిలు త్రొక్కుకొని బడికి వచ్చు బాలికలు మన పాఠశాలలోనే కలరు. చదువుకొనుటకు రాదగిన బాట చూచుటకు పోరానిదెట్లగును? ఉపాధ్యాయినులు తోడుండగా వారును పోవలెననియే మా నిశ్చయము.

నాలుగవ యాక్షేపణ మన సంఘములోనిదే. క్రైస్తవ పాఠశాల పిల్లలకు బౌద్ధుల దిబ్బలతోను, శ్రీకాకుళపు గుడితోను పనియేమని పెద్దలు కొందరడుగుదురు. వారి భక్తిని మేము గౌరవింతుము. అయినను ఆరాధించుట వేరు, తెలిసికొనుట వేరు. కలకత్తాలో దైవసేవ చేసిన డేవిడ్ బ్రౌను కుమారుడగు సి.పి. బ్రౌను దొర, బందరులోను ఉద్యోగము చేసినవాడు, వేమన పద్యములను వెదకి వెదకి సేకరించి 1829లో అచ్చొత్తించెను. అంతమాత్రమున ఆయన విశ్వాసమునకు కొరత కలుగలేదు. తెలుగువారికి మాత్రము మేలు కలిగెను. పొరుగువానిని ప్రేమింపుమను ఆజ్ఞను పాటింపవలెనన్న, ముందుగా పొరుగువాడెవ్వడో, అతని తాతలెవ్వరో తెలియవద్దా?

అయితే ఇంతవరకు చెప్పినవి రాళ్లు, రాజులు, దొరల చరిత్ర. మేము మిక్కిలిగా కోరునది వేరొకటి కలదు. జాతీయ రహదారి పట్టణమునుండి పట్టణమునకు పోవును. ఊరి రోడ్డు రచ్చబండవద్దకు పోవును. డొంక మాత్రమే పేటకు పోవును. ఊరికి దూరముగా, పల్లపునేలలో, డొంక చివరనున్న ఆ పేటలలోనే మన సంఘస్థులలో అనేకుల పూర్వులు బ్రదికిరి. మన ప్రార్థనామందిరములు అచ్చటనే యున్నవి. వారి చరిత్రకు శాసనము లేదు, శిలాఫలకము లేదు. అది ముసలివారి నోట మాత్రమే యున్నది.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచెను. సుమారు 30,000 మంది మరణించిరి. దొరలు వ్రాసిన లేఖలు మనకు మిగిలినవి. పేటలవారు పడిన పాట్లు చెప్పుటకు ఒక్క కంఠమైనను నేడు లేదు. 1977 నవంబరు 19న ఉప్పెన మరల వచ్చెను. దివిసీమలోను చుట్టుప్రక్కలను పదివేలకు పైగా జనులు నశించిరి. ఆనాడు చెట్టుకొమ్మను పట్టుకొని తెల్లవార్లు నిలిచినవారు, బిడ్డను అలకు ఒప్పగించినవారు నేటికిని నాగాయలంక, కోడూరు పల్లెలలో ఉన్నారు. ఆనాటి పదియేండ్ల బాలుడు నేడు అరువదికి చేరువయ్యెను. ఆనాటి తల్లులు కాటికి కాళ్లు చాచియున్నారు. ఇంకొక ఇరువదియేండ్లకు ఘంటసాల దిబ్బ ఉండును, డచ్చివారి సమాధులు ఉండును. ఈ తల్లులు ఉండరు. అందుచేతనే మేము ఈ యేడే పోవలెనని తొందరపడుచున్నాము.

అట్టి ఇంటిముందు బస్సు ఆగజాలదు. కారులో దిగినవానితో ఆ ముసలమ్మ మనసు విప్పి మాటాడదు. చెమటపట్టిన ముఖముతో, దుమ్ముకొట్టుకొనిన సైకిలును గోడకానించి, దాహమునకు నీళ్లడిగిన బాలునకు నీటితోపాటు కథ కూడ దొరకును. అయినను ఆమె గాయమును రేపునట్లు ప్రశ్నింపరాదు. ఆమె చెప్పినంత విని, చెప్పనిదానిని గౌరవించి రావలెను. ఈ మర్యాద నేర్చుటయే సగము చదువు.

కావున పాఠశాల పాలకులకు మా మనవి యేమనగా: రానున్న జనవరిలో ఒక్క శనివారమును దీనికై విడువుడు. తలిదండ్రులారా, ఆ దినమునకు పిల్లలకు చద్దిమూటను, మీ యనుమతిని ఈయుడు. పరీక్షలకు ఒకనాటి చదువు తగ్గునని వెరవకుడు. ఆనాడు చదివినది పరీక్ష తరువాత కూడ మిగులును. విద్యార్థులారా, ఒక్కొక్క నోటుపుస్తకము వెంటగొనుడు. కన్నులార చూచినది ఒకటియు, పెద్దల నోట వినినది ఒకటియు, చెప్పినవారి యనుమతితో అందు వ్రాసికొని రండు. వానిలో మేలైనవి వచ్చు సంవత్సరము ఈ సంచికలోనే అచ్చుపడవలెనని మా కోరిక. అప్పుడు డొంక చివరి ఇంటివారికి కూడ చరిత్రలో ఒక పుట దొరకును.