బిల్లు కమిటీకి వెళ్లిందంటే... ఆగినట్టా, సాగినట్టా?

2024 ఆగస్టు 8న కేంద్ర మైనారిటీ వ్యవహారాల మంత్రి కిరణ్ రిజిజు లోక్‌సభలో వక్ఫ్ సవరణ బిల్లు ప్రవేశపెట్టారు. ప్రతిపక్షాలు గట్టిగా అడ్డుకున్నాయి. చివరికి బిల్లును పార్లమెంటరీ సంయుక్త కమిటీకి, అంటే జేపీసీకి పంపుతామని ప్రభుత్వమే చెప్పింది. 'కమిటీకి వెళ్లింది కదా, ఇక ఇప్పట్లో రాదు' అని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. ఎనిమిది నెలలు కూడా నిండలేదు. 2025 ఏప్రిల్ 5న రాష్ట్రపతి ఆమోదముద్ర పడి, ఆ బిల్లు చట్టమైపోయింది.

మరి ఆ మధ్యకాలంలో కమిటీ చేసిందేంటి? అసలు బిల్లు కమిటీకి వెళ్లడం అంటే ఆగిపోవడమా, ఇంకో దారిలో ముందుకు సాగడమా? మసీదు, దర్గా, ఖబరస్తాన్, ఈద్గా ఉన్న ప్రతి ఊరికీ ఈ ప్రశ్న అవసరమే. ఎందుకంటే రేపు ఇంకో బిల్లు వచ్చినా ఇదే దారిలో వస్తుంది.

సభ గుమ్మం దగ్గర ఏం జరుగుతుంది?

బిల్లు ప్రవేశపెట్టడం అంటే దానిపై చర్చ మొదలైనట్టు కాదు. మంత్రి లేచి సభ అనుమతి అడుగుతారు. మామూలుగా మూజువాణి ఓటుతో అనుమతి వచ్చేస్తుంది. దీన్నే మొదటి పఠనం అంటారు. ఎవరైనా వ్యతిరేకిస్తే క్లుప్తంగా కారణం చెప్పే అవకాశం ఇస్తారు. ఈ చట్టం చేసే అధికారమే పార్లమెంటుకు లేదని అభ్యంతరం చెబితే మాత్రం పూర్తిస్థాయి చర్చకు స్పీకర్ అనుమతించవచ్చు.

ఈ దశలో ఓటింగ్ జరగడం అరుదు. 2024 డిసెంబర్ 17న జమిలి ఎన్నికల రాజ్యాంగ సవరణ బిల్లు విషయంలో అలాగే జరిగింది. ప్రవేశపెట్టడానికే ఓటింగ్ పెట్టాల్సి వచ్చింది. అనుకూలంగా 269, వ్యతిరేకంగా 198 ఓట్లు పడ్డాయి. తర్వాత ఆ బిల్లు కూడా జేపీసీకే వెళ్లింది.

గుమ్మం దాటాక బిల్లుకు మూడు దారులుంటాయి. ఒకటి, నేరుగా సభలోనే చర్చించి ఓటు వేయడం. రెండోది స్థాయీ సంఘం, అంటే స్టాండింగ్ కమిటీ. మూడోది ఆ ఒక్క బిల్లు కోసమే వేసే కమిటీ. ఒకే సభ సభ్యులతో వేస్తే సెలెక్ట్ కమిటీ, రెండు సభల సభ్యులుంటే సంయుక్త కమిటీ.

ఈ రెండో దారికీ మూడో దారికీ ఉన్న తేడాను చాలామంది పట్టించుకోరు. స్టాండింగ్ కమిటీలు 1993 నుంచి ఉన్నాయి. ఇప్పుడు 24 ఉన్నాయి. ఒక్కోదాంట్లో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది, మొత్తం 31 మంది ఉంటారు. స్పీకర్ గానీ రాజ్యసభ చైర్మన్ గానీ బిల్లును వీటికి పంపుతారు. అవి సలహా మాత్రమే ఇస్తాయి. ఆ సలహా వినాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇష్టం. సెలెక్ట్ కమిటీ, జేపీసీ అలా కాదు. అవి బిల్లును క్లాజుల వారీగా ముందు పెట్టుకుని, ఓటు వేసి, అందులోని మాటలనే మార్చగలవు. కమిటీ మార్చిన ప్రతే మళ్లీ సభకు వస్తుంది. కాబట్టి ఆ గదిలో ఎవరు కూర్చున్నారు, ఎవరికి మెజారిటీ ఉంది అన్నదే అసలు సంగతి.

పంపాలా వద్దా, ఎవరు తేలుస్తారు?

బిల్లును కమిటీకి పంపి తీరాలని ఏ నిబంధనా లేదు. సభలో మెజారిటీ ఉన్నవాళ్లు ఒప్పుకుంటేనే వెళ్తుంది. ముస్లిం కుటుంబాలకు నేరుగా తగిలిన రెండు బిల్లులు సెలెక్ట్ కమిటీకి వెళ్లకుండానే చట్టాలయ్యాయి.

మొదటిది ట్రిపుల్ తలాఖ్ బిల్లు. 2017 డిసెంబర్ 28న లోక్‌సభలో ప్రవేశపెట్టారు, అదే రోజు ఆమోదించేశారు. రాజ్యసభలో ప్రతిపక్షాలు సెలెక్ట్ కమిటీకి పంపాలని పట్టుబట్టడంతో అది ముందుకు కదల్లేదు. 2019 జూలై 30న కొత్త బిల్లు మళ్లీ రాజ్యసభకు వచ్చింది. సెలెక్ట్ కమిటీకి పంపాలన్న తీర్మానం 84-100 ఓట్లతో వీగిపోయింది. కాసేపటికే బిల్లు 99-84తో నెగ్గింది. భర్తకు జైలుశిక్ష పడితే ఆ ఇంటి ఖర్చు ఎవరు చూస్తారు అన్న ప్రశ్నపై సామాన్య మహిళలను పిలిచి, కూర్చోబెట్టి వినే అవకాశం అక్కడితో పోయింది.

రెండోది పౌరసత్వ సవరణ చట్టం. 2019 డిసెంబర్ 11న రాజ్యసభలో సెలెక్ట్ కమిటీ తీర్మానానికి అనుకూలంగా 99, వ్యతిరేకంగా 124 ఓట్లు పడ్డాయి. అదే రోజు బిల్లు ఆమోదం పొందింది.

ఇది రెండు బిల్లుల కథే కాదు. 2009-14 మధ్య నడిచిన 15వ లోక్‌సభలో సుమారు 71 శాతం బిల్లులు కమిటీలకు వెళ్లాయి. 2019-24 మధ్య 17వ లోక్‌సభలో అది సుమారు 16 శాతానికి పడిపోయింది. వంద బిల్లుల్లో ఎనభైకి పైగా ఎవరినీ పిలిచి అడగకుండానే చట్టాలయ్యాయన్నమాట.

'సెలెక్ట్ కమిటీ' అన్న మాట తెలుగునాట ఇంటింటికీ తెలిసింది 2020 జనవరిలో. మూడు రాజధానుల బిల్లులను అసెంబ్లీ ఆమోదించి శాసనమండలికి పంపింది. జనవరి 22న మండలి చైర్మన్ ఎం.ఏ. షరీఫ్ తన విచక్షణాధికారంతో వాటిని సెలెక్ట్ కమిటీకి పంపారు. ఐదు రోజులకే, జనవరి 27న మండలినే రద్దు చేయాలని అసెంబ్లీ 133-0తో తీర్మానం చేసింది. ఆ కమిటీ ఏర్పడనే లేదు. జూన్‌లో అసెంబ్లీ అవే బిల్లులను రెండోసారి ఆమోదించింది. రాజ్యాంగంలోని 197వ అధికరణ ప్రకారం, రెండోసారి వచ్చిన బిల్లును మండలి నెల రోజులకు మించి ఆపలేదు. జూలై 31న గవర్నర్ సంతకం పడింది. చివరికి 2021 నవంబర్‌లో ప్రభుత్వమే ఆ చట్టాలను వెనక్కి తీసుకుంది, మండలి రద్దు తీర్మానాన్ని కూడా. కమిటీలో కూర్చుని తేల్చుకోవాల్సిన గొడవ రెండేళ్లు కోర్టుల్లో, రోడ్ల మీద నడిచింది.

ఆ గదిలో ఏం జరిగింది?

ఇక వక్ఫ్ బిల్లు సంగతి. జగదంబికా పాల్ అధ్యక్షతన 31 మందితో జేపీసీ ఏర్పడింది. ఇందులో తెలుగు రాష్ట్రాల వాళ్లు నలుగురున్నారు. హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ, మహబూబ్‌నగర్ నుంచి బీజేపీ ఎంపీ డీకే అరుణ, నరసరావుపేట నుంచి టీడీపీ ఎంపీ లావు శ్రీకృష్ణదేవరాయలు, రాజ్యసభ నుంచి అప్పట్లో వైసీపీలో ఉన్న విజయసాయిరెడ్డి. కమిటీ సెప్టెంబర్ చివర్లో హైదరాబాద్ కూడా వచ్చి వాదనలు వింది.

సలహాలు పంపాలంటూ పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. గడువు 15 రోజులు. ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ రాయాలి. కడపలోనో కరీంనగర్‌లోనో ఒక ముతవల్లి తన దర్గా భూమి కాగితాలు పట్టుకుని తెలుగులోనో ఉర్దూలోనో రాసుకుంటే, ముందు దాన్ని అనువాదం చేయించుకోవాల్సిందే. అయినా స్పందన ఆగలేదు. ముస్లిం పర్సనల్ లా బోర్డు క్యూఆర్ కోడ్ విడుదల చేసింది. బిల్లును సమర్థించే వర్గాలు కూడా పోటీగా ప్రచారం చేశాయి. మొత్తం మీద కమిటీకి అందిన వినతులు 97 లక్షలు దాటాయి.

అన్ని లక్షల వినతులు వచ్చినా చివరికి లెక్కకు వచ్చినవి ఆ గదిలో ఉన్నవాళ్ల ఓట్లే. 2025 జనవరి 24న పదిమంది ప్రతిపక్ష సభ్యులను ఒకరోజు సస్పెండ్ చేశారు. మూడు రోజుల తర్వాత క్లాజుల వారీగా ఓటింగ్ జరిగింది. ప్రతిపక్షాల సవరణలన్నీ 10-16 తేడాతో వీగిపోయాయి. అధికార కూటమి సభ్యులు ఇచ్చిన 14 సవరణలు నెగ్గాయి. 29న నివేదికను 15-11తో ఆమోదించారు. ఫిబ్రవరి 13న పార్లమెంటు ముందుకు వచ్చినప్పుడు, అసమ్మతి పత్రాల్లో కొన్ని భాగాలు తీసేశారంటూ మళ్లీ గొడవ జరిగింది.

అయితే కమిటీ వల్ల ఏమీ మారలేదా? మారింది. ఈ సంగతి రెండు వైపులా సరిగ్గా చెప్పుకోవడం లేదు. మొదటి బిల్లులో 'వక్ఫ్ బై యూజర్'ను, అంటే దస్తావేజు లేకున్నా తరాలుగా మసీదుగానో ఖబరస్తాన్‌గానో వాడుకలో ఉన్నందువల్ల వక్ఫ్ అయిన ఆస్తిని, పూర్తిగా తీసేశారు. కమిటీ తర్వాత వచ్చిన ప్రతిలో, చట్టం రాకముందే రిజిస్టర్ అయిన అలాంటి ఆస్తులు వక్ఫ్‌గానే కొనసాగుతాయని చేర్చారు. వివాదంలో ఉన్నవి, ప్రభుత్వ భూమి అన్నవి మాత్రం మినహాయింపు. అలాగే ప్రభుత్వ భూమి వివాదాన్ని తేల్చే అధికారం మొదట కలెక్టర్‌కు ఇచ్చారు. తర్వాత అది కలెక్టర్ కంటే పైస్థాయి అధికారికి మారింది. ఈ మార్పుల కోసం తామే పట్టుబట్టామని టీడీపీ చెప్పుకుంది. చివరికి ఆ పార్టీ బిల్లుకు ఓటేసింది. లోక్‌సభలో 288-232, రాజ్యసభలో 128-95తో బిల్లు నెగ్గింది.

ఆ మినహాయింపే ఇప్పుడు పెద్ద చిక్కు. రిజిస్టర్ కాని పాత ఖబరస్తాన్‌ల మాటేంటి? ఎవరో ఒకరు కేసు వేస్తే 'వివాదంలో ఉన్నట్టే' కదా? కమిటీలో ప్రతిపక్ష సభ్యులు లేవనెత్తిన ఇలాంటి ప్రశ్నలు తర్వాత సుప్రీంకోర్టుకూ వెళ్లాయి. 2025 సెప్టెంబర్ 15న కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. వక్ఫ్ చేయాలంటే ఐదేళ్లుగా ఇస్లాం ఆచరిస్తూ ఉండాలన్న నిబంధనను, రాష్ట్రాలు నియమాలు చేసేదాకా నిలిపేసింది. ఆస్తి ఎవరిదో అధికారే తేల్చే నిబంధనలపై స్టే ఇచ్చింది. ముస్లిమేతర సభ్యులు కేంద్ర కౌన్సిల్‌లో నలుగురికి, రాష్ట్ర బోర్డుల్లో ముగ్గురికి మించకూడదంది. మొత్తం చట్టాన్ని మాత్రం ఆపలేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న నిబంధన జోలికీ పోలేదు.

పాత అనుభవం ఒకటుంది

వక్ఫ్ చట్టానికి కమిటీ కొత్తేమీ కాదు. 2010లో యూపీఏ ప్రభుత్వం తెచ్చిన వక్ఫ్ సవరణ బిల్లును లోక్‌సభ పది పన్నెండు రోజుల్లోనే ఆమోదించింది. రాజ్యసభలో అది ఆగింది. సైఫుద్దీన్ సోజ్ అధ్యక్షతన సెలెక్ట్ కమిటీకి వెళ్లింది. ఆ కమిటీ ఏడాదికి పైగా పనిచేసి 2011 డిసెంబర్‌లో నివేదిక ఇచ్చింది. 2013లో చట్టం వచ్చింది. వక్ఫ్ ఆస్తి అమ్మకాన్ని నిషేధించింది ఆ చట్టమే. అప్పుడు లోక్‌సభ తొందరపాటును రాజ్యసభ సరిదిద్దగలిగింది. కారణం, అక్కడ ప్రభుత్వానికి సొంత మెజారిటీ లేదు. 2025లో మిత్రపక్షాల ఓట్లతో రెండు సభల్లోనూ మెజారిటీ ఉంది కాబట్టి కమిటీ ఉన్నా ఫలితం ముందే తెలిసిపోయింది.

అంటే కమిటీ కవచం కాదు. బిల్లును ఆపే శక్తి దానికి లేదు. కానీ సామాన్యుడి మాట ప్రభుత్వ రికార్డులోకి ఎక్కే తలుపు అదొక్కటే. సభలో మాట్లాడేది ఎంపీలు, కోర్టులో వాదించేది లాయర్లు. సాక్ష్యం చెప్పడానికి ముతవల్లికో, భర్త వదిలేసిన మహిళకో చోటు దొరికేది కమిటీలోనే. ఆ రికార్డు వృథా పోదు కూడా. పార్లమెంటరీ కమిటీ నివేదికలను కోర్టులు పరిశీలించవచ్చని 2018లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది.

ఈ ఎనిమిది నెలల అనుభవం నేర్పేది మూడు సంగతులు. ఒకటి, పోరాడాల్సింది బిల్లు కమిటీకి వెళ్లాక కాదు, వెళ్లకముందే. పంపుతారా లేదా, ఏ కమిటీకి పంపుతారు, అందులో ఎవరుంటారు అన్నవి ప్రవేశపెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే తేలిపోతాయి. వక్ఫ్ జేపీసీ సభ్యుల పేర్లు మర్నాడే ఖరారయ్యాయి. రెండు, ఒకే మాటలతో వెళ్లే లక్ష ఈమెయిల్స్ కంటే, ఒక ఖబరస్తాన్ సర్వే నంబర్, గెజిట్ ప్రతి, పాత పహాణీ జతచేసిన పది పేజీల వినతి కమిటీ ముందు ఎక్కువసేపు నిలుస్తుంది. 15 రోజుల్లో అది తయారవ్వాలంటే కాగితాలు ముందే జమ చేసుకుని ఉండాలి. మూడు, ఆ గదిలో ఓటు ఉన్న సొంత జిల్లా ఎంపీని కలవడం. మార్పు వచ్చిన రెండు చోట్లా అది ప్రతిపక్షం కేకలతో రాలేదు, అధికార కూటమిలో అవసరమైన ఓట్లున్న పార్టీల నుంచి వచ్చింది.

బిల్లు కమిటీకి వెళ్లిందన్న వార్త వినగానే ఊపిరి పీల్చుకునే రోజులు కావివి. ఆ రోజు నుంచే పదిహేను రోజుల లెక్క మొదలవుతుంది.