పాత ల్యాప్‌టాప్‌ను అప్పుడే అమ్మేయకండి

అన్నయ్య వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ ఇంట్లో మూలన పడుందా? విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 ఉండాలంటుంది. అంతమాత్రాన నాన్నతో అప్పు చేయించి కొత్తది కొనాలా? నన్నడిగితే అక్కర్లేదు. 8 జీబీ పెన్‌డ్రైవ్, లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఐఎస్ఓ ఫైలు, రూఫస్ చాలు.

షాపువాడికి ఇవ్వకండి, మీరే చేయండి. రెజ్యూమెలో 'లినక్స్ తెలుసు' అని రాసి, బయోస్‌కీ యూఈఎఫ్‌ఐకీ తేడా అడిగితే నీళ్లు నమిలేవాళ్లను చాలామందిని చూశా.

ఐఎస్ఓను ఊరికే కాపీ చేస్తే బూట్ అవదు, రూఫస్‌తో రాయాలి. బయోస్ మాత్రమే ఉన్న పాత మెషీన్ అయితే పార్టిషన్ స్కీమ్ దగ్గర ఎంబీఆర్ ఎంచుకోండి. జీపీటీ పెట్టి, బూట్ అవట్లేదని పెన్‌డ్రైవ్‌ను తిట్టుకుంటారు చాలామంది. ప్రాసెసర్ 32 బిట్‌దైతే మింట్ కొత్త వెర్షన్లు ఎక్కవు. డెబియన్ 12 చూడండి, 13లో ఆ ఇన్‌స్టాలర్ తీసేశారు.

అన్నట్టు, రూఫస్ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచేస్తుంది. ఫైనలియర్ వైవాకు రెండు రోజుల ముందు నా ప్రాజెక్టు రిపోర్టు అలాగే పోయింది! హార్డ్‌డిస్క్‌లోవీ ముందే వేరేచోట దాచుకోండి. ఇన్‌స్టాల్ నొక్కకముందే, పెన్‌డ్రైవ్ నుంచే నడుపుతూ వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి.